న్యూజెర్సీ ఒడ్డున స్ట్రైపర్ గాలం: గాలి, ఆటుపోట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామందికి శాండీ హుక్ అంటే వేసవిలో పిల్లలతో వెళ్ళే బీచ్. అదే ఇసుక మీద అక్టోబరు, నవంబరు నెలల్లో తెల్లారకముందే తొడల దాకా నీళ్ళలో దిగి స్ట్రైపర్ (స్ట్రైప్డ్ బాస్) అనే చేప కోసం గాలం వేసేవాళ్ళు కనిపిస్తారు. నేనూ కొన్నేళ్ళుగా వాళ్ళలో ఒకణ్ణి. కొత్తగా మొదలుపెట్టిన స్నేహితులు నన్ను పదేపదే అడిగేవన్నీ ఒకచోట రాస్తే బాగుంటుందనిపించి ఇది రాస్తున్నాను. రాడ్, రీల్ సంగతి తక్కువ, గాలి, నీరు సంగతి ఎక్కువ. చేప పడేదీ పడనిదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది కాబట్టి.

స్ట్రైపర్ అంటే మన పండుగప్పేనా?

కాదు. రెండింటినీ ఇంగ్లీషులో బాస్ అనడం వల్ల వచ్చే గందరగోళం ఇది. చూడటానికి పోలికలున్నా కుటుంబాలు వేరు. స్ట్రైపర్ ఒంటి మీద వెండి రంగుపై తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లని చారలుంటాయి. పేరు దానివల్లే వచ్చింది.

బతుకు తీరులో దీన్ని పులసతో పోల్చాలి. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టినట్టే, స్ట్రైపర్ కూడా ఉప్పునీటిలో పెరిగి, గుడ్లకి మంచినీటి నదుల్లోకి ఎక్కుతుంది. చెసపీక్ బేలో కలిసే నదులు, హడ్సన్, డెలావేర్ దీని పుట్టిళ్ళు. పండుగప్పది దీనికి తలకిందులు: మంచినీటిలో పెరిగినా గుడ్లకి ఉప్పునీటికి దిగుతుంది.

ఏ నెలల్లో రావాలి?

రెండు సీజన్లు. మార్చి చివర్లో శాండీ హుక్ పక్కనున్న రారిటన్ బేలో వేట మొదలవుతుంది, అక్కడ నీళ్ళు లోతు తక్కువ కాబట్టి ముందుగా వేడెక్కుతాయి. జూన్ దాకా బాగుంటుంది. తర్వాత పెద్ద చేపలు ఉత్తరానికి, మసాచుసెట్స్, మెయిన్ వైపు వెళ్ళిపోతాయి. అక్టోబరు నుంచి అవి తిరిగి దక్షిణానికి దిగుతాయి. ఒడ్డు నుంచి పట్టేవాళ్ళకి అదే పండగ, థాంక్స్‌గివింగ్ దాటాక కూడా సాగుతుంది. నీటి వేడి 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చేప చురుగ్గా తింటుంది.

పోటు మంచిదా, ఆటు మంచిదా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగింది ఇదే. నీరు ఎక్కుతోందా దిగుతోందా అన్నదానికంటే, కదులుతోందా లేదా అన్నది ముందు చూడండి. స్ట్రైపర్ బద్ధకపు వేటగాడు. పారే నీటిలో కొట్టుకొచ్చే చిన్న చేపనీ పీతనీ పక్కనుంచి అందుకోవడం దానికి ఇష్టం. నీరు నిలబడిపోతే ఎర కొట్టుకురాదు, చేప కూడా ఆగిపోతుంది.

ఈ తీరంలో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు అడుగు నుంచి నిండుకి ఎక్కడానికి ఆరు గంటలకు కొంచెం పైన పడుతుంది కానీ ఒకే వేగంతో ఎక్కదు. ఎక్కాల్సిన నీటిని 12 పాళ్ళు అనుకుంటే మొదటి గంటలో ఒక పాలు, రెండో గంటలో రెండు, మూడులో మూడు, నాలుగులో మూడు, ఐదులో రెండు, ఆరులో ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. టైం తక్కువగా ఉండే ఉద్యోగస్తులు ఆ మధ్య గంటలకి చేరుకునేలా బయల్దేరితే చాలు.

ఇక చోటుని బట్టి తేడా ఉంటుంది. ఇసుక బీచ్ చాలావాటిలో పోటు రెండో సగం, నిండాక ఆటు మొదటి రెండు గంటలు బాగుంటాయి. అప్పుడు మేటల మీదుగా చేప ఒడ్డు దగ్గరికి రాగలదు. బేలు, కాలువలు సముద్రంలో కలిసే ఇన్‌లెట్ల దగ్గర మాత్రం నేను ఆటునే నమ్ముతాను. లోపలి చిన్న చేపలన్నీ దిగే నీటితో బయటికి వస్తాయి, పెద్దవి మొగలో కాపు కాస్తాయి.

ఆటుపోట్ల టేబుల్ ప్రకారమే వెళ్ళాను, నీళ్ళు అలా లేవు. ఎందుకు?

టేబుల్ చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ లెక్కపెట్టి వేస్తారు. గాలి ఆ లెక్కలో ఉండదు. న్యూజెర్సీ తీరం తూర్పుకి చూస్తుంది. రెండు రోజులు తూర్పు గాలో ఈశాన్యపు గాలో గట్టిగా కొడితే నీళ్ళు ఒడ్డుకి పోగుపడి, రాసినదానికంటే పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటు సరిగ్గా దిగదు. వాయవ్యపు గాలి గట్టిగా వీస్తే దీనికి వ్యతిరేకం. నీళ్ళు వెనక్కి నెట్టుకుపోయి, మామూలుగా మునిగి ఉండే మేటలు బయటపడతాయి.

నేను ఒకసారి దీనివల్ల భయపడ్డాను. ఒక రాళ్ళ గట్టు చివర నిలబడి ఉన్నాను, టేబుల్ ప్రకారం నిండు పోటుకి ఇంకా గంట పైన ఉంది. ఈశాన్యపు గాలి ముందురోజు నుంచీ వీస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే, నేను నడిచివచ్చిన పల్లపు రాళ్ళు కనిపించట్లేదు, వాటి మీద నురుగు ఆడుతోంది. రెండు అలల మధ్య సందు చూసుకుని, చేతులతో రాళ్ళు పట్టుకుంటూ బయటపడ్డాను. అప్పటి నుంచి ఈశాన్యపు గాలి ఉన్న రోజు గట్టు ఎక్కను, ఇసుక మీదే ఉంటాను.

ఏ గాలికి ఎలాంటి నీళ్ళు ఉంటాయి?

గాలి పేరు అది వచ్చే దిక్కుని బట్టి పెడతారు, మన నైరుతి రుతుపవనాల లాగే. ఇక్కడి తీరం లెక్కలో చెప్తాను.

ఈశాన్యం, తూర్పు: సముద్రం నుంచి ఒడ్డుకి. అలలు లేస్తాయి, నీళ్ళు తెల్లబడతాయి. గంటకి 10 నుంచి 15 మైళ్ళ దాకా ఉంటే నాకు ఇదే అన్నిటికంటే ఇష్టమైన గాలి. నురుగు కింద చిన్న చేపలకి దారి తెలియదు, స్ట్రైపర్ పట్టపగలే ఒడ్డు అంచుకి వచ్చేస్తుంది. 20 దాటితే ఇసుక, నాచు కలిసి నీళ్ళు బురదగా మారతాయి, ప్రతి విసురుకీ గాలానికి గడ్డి వస్తుంది.

పడమర, వాయవ్యం: నేల మీద నుంచి సముద్రంలోకి. అలలు అణిగిపోతాయి, నీరు తేటబడుతుంది. వెనక నుంచి గాలి కాబట్టి విసురు దూరం పోతుంది. తేట నీటిలో పగలు చేప జంకుతుంది, అందుకే ఈ గాలికి చీకటి వేళల్లో వెళ్ళండి, సన్నటి ఎరలు వాడండి. శాండ్ ఈల్స్ (పాముల్లా సన్నగా ఉండే చిన్న చేపలు) ఒడ్డు పక్కనే గుంపులు కట్టి ఉంటే ఈ గాలికే మంచి వేట దొరుకుతుంది.

దక్షిణం, నైరుతి: వేసవిలో వీటి వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. నాలుగైదు రోజులు ఆగకుండా వీస్తే, భూమి తిరగడం వల్ల పైనున్న వెచ్చటి నీరు ఒడ్డు నుంచి దూరంగా జరిగి, అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. జూలైలో ఎండ మండుతున్నా కాలు పెడితే జివ్వుమంటుంది. నిన్న పడిన చోట ఇవాళ చేప లేదంటే ఒకసారి నీటి వేడి చూసుకోండి.

గాలివానకీ ఈ చేపకీ ఉన్న సంబంధానికి పెద్ద సాక్ష్యం అట్లాంటిక్ సిటీలోనే ఉంది. 1982 సెప్టెంబరు 21 రాత్రి, ఈశాన్యపు తుఫాను గాలిలో, వెర్మాంట్ అవెన్యూ జెట్టీ మీద నుంచి ఆల్ మెక్‌రేనాల్డ్స్ 78 పౌండ్ల 8 ఔన్సుల స్ట్రైపర్‌ని పట్టాడు. 2011లో కనెటికట్ దగ్గర గ్రెగ్ మయర్సన్ 81 పౌండ్ల 14 ఔన్సుల చేప పట్టేదాకా ప్రపంచ రికార్డు అదే. మయర్సన్ పట్టింది పడవ మీద నుంచి. ఆ జెట్టీ కథ వినగానే కుర్రాళ్ళకి తుఫానులో వెళ్ళాలనిపిస్తుంది. దయచేసి వెళ్ళకండి, తుఫాను ముందురోజూ తర్వాతి రెండు రోజులూ చాలు.

మధ్యలో గాలి మారితే వెళ్ళిపోవాలా?

వెళ్ళకండి, చాలాసార్లు అదే మంచి సమయం. రెండు రోజులు ఈశాన్యం కొట్టి, తెల్లవారుజామున వాయవ్యానికి తిరిగిందనుకోండి. అలల్లో ఇంకా బలం ఉంటుంది, కానీ ఎదురుగాలికి వాటి తలలు నిటారుగా లేచి, పైనుంచి తుంపర సముద్రం వైపు ఎగురుతుంది. గడ్డి పలచబడుతుంది. నీళ్ళు గోధుమ రంగు నుంచి పచ్చగా మారడం కంటికే తెలుస్తుంది.

గడిచిన నవంబరులో ఐలాండ్ బీచ్ స్టేట్ పార్కులో అలాంటి పొద్దు చూశాను. అంతకుముందు గంటంతా నా చెంపకి ఇసుక తగులుతూ ఉంది, ఒక్కసారిగా ఆగిపోయింది. కాసేపటికి మెడ వెనక చల్లగా తగిలింది. లైన్‌కి అప్పటిదాకా ఉన్న వంపు పోయి తిన్నగా అయింది, అడుగున సీసపు గుండు ఇసుకలో ఈడ్చుకుపోవడం వేలికి తెలుస్తోంది. ఆ ఈడుపు మధ్యలో రెండు చిన్న తట్లు, తర్వాత రాడ్ కొస నీళ్ళ వైపు వంగి లేవలేదు. ముప్పై అంగుళాల చేప. నోట్లో సగం మింగిన గవ్వ మాంసం ఉంది, నేను కట్టింది కాదు, తుఫానుకి కొట్టుకొచ్చి పగిలిన సర్ఫ్ క్లామ్‌ది.

అందుకే చెప్తున్నాను, గాలి తిరిగే రోజు ఆటుపోట్ల టేబుల్‌లో కదిలే నీటి గంటలు కూడా దానికి కలిస్తే, లీవు పెట్టైనా వెళ్ళండి.

ఎదురుగాలిలో విసిరితే పదడుగులు కూడా పోవట్లేదు. ఏం చెయ్యాలి?

ఎత్తుగా విసరకండి. రాడ్‌ని పక్కగా తిప్పి, అలల నెత్తి మీదుగా పోయేలా తక్కువ ఎత్తులో పంపండి. వెడల్పుగా ఉండే చెక్క ఎరలు పక్కన పెట్టి, లోహపు జిగ్‌లూ బాటిల్ ప్లగ్‌లూ వాడండి. ఎర నీటిని తాకగానే వదులు లైన్ లాగేయండి, లేకపోతే గాలి దాన్ని విల్లులా వంచేసి చేప తట్టినా మీకు తెలియదు. మరో మాట: ఎదురుగాలి రోజున చేప ముప్పై అడుగుల దూరంలోనే ఉంటుంది చాలాసార్లు. దూరం కోసం నడుం లోతు దిగేవాళ్ళు చేపని దాటి నిలబడుతున్నారు.

సీసం ఎంత బరువు పెట్టాలి?

నిలిచేంత, అంతకంటే వద్దు. నెమ్మదిగా ఉంటే 3 ఔన్సులు, మామూలు అలకి 4 లేదా 5, ఈశాన్యపు గాలికి పక్కవాటు ప్రవాహం ఉంటే 6 నుంచి 8. గుండ్రటిది దొర్లిపోతుంది, పిరమిడ్ ఆకారంది ఇసుకలో దిగి నిలుస్తుంది. మీ రాడ్ మీద ఎన్ని ఔన్సులు మోస్తుందో రాసి ఉంటుంది, అది దాటితే విసిరేటప్పుడు విరుగుతుంది.

ఇంత పెద్ద బీచ్‌లో ఎక్కడ నిలబడాలి?

గాలం లేకుండా ఒక్కరోజు వెళ్ళండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడ్డప్పుడు నీరు బాగా దిగుతుంది, ఆ ఆటులో నడవండి. మేటలు ఎక్కడున్నాయి, మేటకీ ఒడ్డుకీ మధ్య కాలువలా లోతు ఎక్కడుంది, మేటలో గండి ఎక్కడ పడింది, అన్నీ బయటపడతాయి. ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, ఒడ్డున కదలని గుర్తు ఏదైనా పెట్టుకోండి.

పోటులో అదే చోటికి వస్తే నీళ్ళే చెప్తాయి. అల విరిగి తెల్లబడేది మేట మీద. రెండు తెల్లటి చోట్ల మధ్య నల్లగా, అల విరగకుండా ఉన్నది గండి. చేపకి అదే గుమ్మం. ఆటులో మేట వెనక చేరిన నీళ్ళన్నీ ఆ గండి గుండానే బయటికి పరిగెడతాయి, దానితో పాటు ఎర కూడా. గండి నడిబొడ్డుకి కాకుండా దాని అంచుకి విసరండి. తుఫాను వస్తే ఈ గండ్లు చోటు మారతాయి, మళ్ళీ నడవాలి.

అమావాస్య, పౌర్ణమి చూడాలా?

చూడాలి. మన ఊళ్ళలో వేటకి వెళ్ళేవాళ్ళు తిథి చూసినట్టే ఇక్కడివాళ్ళూ చంద్రుణ్ణి చూస్తారు. ఆ రెండు తిథుల చుట్టూ పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటు ఎక్కువ దిగుతుంది, నీటి వేగం పెరుగుతుంది. అష్టమి దగ్గర నీరు మందంగా కదులుతుంది. ఇన్‌లెట్లలో అష్టమి రోజులే నాకు నయం, ఎందుకంటే పెద్ద తిథులకి అక్కడ ప్రవాహం మరీ ఎక్కువై ఎర నిలవదు. ఇసుక బీచ్‌లో దీనికి తారుమారు.

ఇన్‌లెట్‌లో నీళ్ళు ఒక్కోసారి పిచ్చిగా ఎగురుతాయి. చేపలేనా?

చాలాసార్లు కాదు. బార్నిగట్, మనాస్క్వాన్ లాంటి చోట్ల ఆటు తూర్పుకి పోతుంటుంది, దానికి ఎదురుగా తూర్పు గాలి వస్తే అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. పడవలకి చాలా ప్రమాదం. ఒడ్డున ఉన్నవాళ్ళకి మాత్రం ఆ అలజడి అంచున, నెమ్మది నీరు తగిలే గీత దగ్గర, మంచి వేట ఉంటుంది. గీతకి ఎగువన విసిరి, ఎరని నీటితో పాటే జారనివ్వండి.

ఎర ఏది?

ఆ వారం నీటిలో ఏది ఉంటే అది. వసంతంలో బ్లడ్‌వార్మ్‌లు (సముద్రపు పురుగులు), గవ్వ మాంసం. మే నుంచి బంకర్, ఇది మన కవళ్ళలాగా నూనె చేప, ముక్కలు కోసి కట్టాలి. సెప్టెంబరులో మల్లెట్, తర్వాత శాండ్ ఈల్స్. తుఫాను తర్వాత రెండు రోజులు గవ్వ మాంసం తప్ప ఇంకేమీ ఆలోచించకండి.

ఒంటరిగా వెళ్ళొచ్చా? ఏం జాగ్రత్తలు?

మొదటి ఏడాది వద్దు. ఛాతీ దాకా వచ్చే వేడర్స్ (నీళ్ళు చొరని ప్యాంటు) వేసుకుంటే పైన బెల్టు బిగించి తీరాలి, పడిపోతే నీళ్ళు లోపల నిండకుండా కొంత ఆపేది అదే. రాళ్ళ మీదకి మేకుల అడుగులున్న చెప్పులు కావాలి, నాచు మీద మామూలు బూటు నిలవదు. లైఫ్ జాకెట్ వేసుకోండి. ఎంత దూరం విసరాలన్నా మోకాలు దాటి దిగకపోవడం మేలు, గండి పక్కన అసలు దిగొద్దు, చేపకి గుమ్మమైనదే మనిషిని లోపలికి లాక్కుపోయేది కూడా.

ఇంకొకటి: సెప్టెంబరులో గాలి లేకుండా ఎండగా ఉన్న రోజున కూడా దూరాన ఉన్న హరికేన్ అలలు వస్తాయి. పది నిమిషాలు సముద్రం చెరువులా ఉండి, ఆపైన మూడు పెద్దవి వరసగా వస్తాయి. వెళ్ళగానే గాలం వెయ్యకుండా పదిహేను నిమిషాలు నిలబడి చూడండి.

గాలి, అలల సమాచారం ఎక్కడ చూడాలి?

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) ఇచ్చే ఆటుపోట్ల టేబుల్‌లో శాండీ హుక్ స్టేషన్ తీసుకోండి, అంచనాతో పాటు అప్పటి అసలు నీటిమట్టం కూడా చూపిస్తుంది. రెండు గీతల మధ్య తేడాయే గాలి చేసిన పని. న్యూయార్క్ హార్బర్ ముంగిట ఉన్న 44065 బోయా (నీటిపై తేలే కొలత పరికరం) అల ఎత్తు, వ్యవధి (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సెకన్లు), నీటి వేడి చెప్తుంది. ఎత్తు మూడడుగులే అయినా వ్యవధి 12 సెకన్లుంటే ఆ అల బలంగా ఉంటుంది, 5 సెకన్లయితే గాలి లేపిన పొట్టి అల.

లైసెన్సు, కొలతల సంగతి?

న్యూజెర్సీ సముద్రపు నీళ్ళలో రుసుము లేదు, కానీ ఆన్‌లైన్‌లో ఉచితంగా రిజిస్టర్ కావాలి. రోజుకి ఒక్క చేప, 28 అంగుళాలకి తగ్గకూడదు, 31 దాటకూడదు. అంతకంటే పెద్దది ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. సహజమైన ఎర వాడితే సర్కిల్ హుక్ (మొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం) తప్పనిసరి. దానితో చేప తట్టినప్పుడు మనకి అలవాటైన కుదుపు ఇవ్వకండి, నిదానంగా చుట్టండి, పెదవి మూలలో అదే దిగుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నదుల్లో, బేల్లో స్ట్రైపర్ వేట మూసి ఉంటుంది. ఈ నియమాలు మారుతుంటాయి, ప్రతి సీజన్‌కీ రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్ చూడండి. శాండీ హుక్‌లో రాత్రి ఉండటానికి అనుమతి వేరేగా తీసుకోవాలి.

పెద్దది వదిలేయడమంటే మనసొప్పదు. ఎందుకీ నిబంధన?

1980లలో ఈ చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1984లో కేంద్ర చట్టం వచ్చింది, మేరీలాండ్ 1985 నుంచి ఐదేళ్ళు వేటే ఆపేసింది. 1995 నాటికి కోలుకుందని ప్రకటించారు. మళ్ళీ 2019లో ఎక్కువగా పట్టేశారని తేలింది. ఆ ఏడాది నుంచే మేరీలాండ్ లెక్కల్లో పిల్ల చేపల సంఖ్య సగటు కంటే బాగా తక్కువగా వస్తోంది. పెద్ద చేపలు చాలావరకు ఆడవి, ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ గుడ్లు. గోదావరిలో పులస ఎలా అరుదైపోయిందో చూసినవాళ్ళం మనం, ఇది మనకి విడిగా చెప్పాలా?

వదిలేటప్పుడు సరిగ్గా వదలాలి. వదిలినవాటిలో నూటికి తొమ్మిది చనిపోతాయని శాస్త్రవేత్తలు లెక్క కడతారు. చేతులు తడి చేసుకోండి, పొడి ఇసుకలో దొర్లించకండి. దవడ పట్టి నిలువుగా వేలాడదీయకండి, పొట్ట కింద చెయ్యి పెట్టి అడ్డంగా పట్టుకోండి. నీళ్ళలో తల సముద్రం వైపు ఉంచి, తోక మొదలు పట్టుకుని ఆగండి. అది తోక గట్టిగా విదిలించి చెయ్యి విడిపించుకునేదాకా వదలొద్దు.

కొలతలో ఉన్నది దొరికింది. పులుసు బాగుంటుందా?

బాగుంటుంది. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, ముక్క విడిపోదు. పక్కల వెంట ఉండే ఎర్రటి మాంసం తీసేస్తే వాసన తగ్గుతుంది. చర్మంతో పాటు కొవ్వు కూడా తీసేయండి, పీసీబీల (పరిశ్రమల నుంచి నీటిలో చేరిన విష రసాయనాలు) లాంటివి చేరేది ఎక్కువగా కొవ్వులోనే. పాదరసం మాత్రం మాంసంలోనే ఉంటుంది, దాన్ని వండి తగ్గించలేం. ఈ చేపని ఎంత తరచుగా తినొచ్చో న్యూజెర్సీ ప్రభుత్వం సూచనలిచ్చింది. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో వండే ముందు అవి చదవండి. పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి ఐసులో పెట్టండి. చింతపండు కొంచెం తగ్గించి, మరుసటి రోజు పొద్దున తినండి.